అన్నదానానికీ గడువుంది

మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యాయంటే మా బృందంలో ఎవరో ఒకరి ఫోను రాత్రి పదకొండు దాటాక మోగుతుంది. అవతల ఫంక్షన్ హాలు మేనేజరో, పెళ్లికూతురి మేనమామో ఉంటారు. "మేడమ్, బిర్యానీ మస్తు మిగిలింది. అరవై డెబ్బై మందికి సరిపోతది. పారెయ్యబుద్ధి అయితలేదు. వచ్చి తీస్కపోతరా?" అని అడుగుతారు. ఆ గొంతులో నిజమైన బాధే ఉంటుంది. అన్నం పారేయడం మన ఇళ్లల్లో పాపం కిందే లెక్క. ఫోన్ చేసినందుకు దండం పెట్టి, ఆ తర్వాత అడగాల్సినవి అడుగుతాను. దమ్ ఎన్నింటికి దించారు? మిగిలింది డేక్సాలో ఉందా, బఫే గిన్నెల్లో ఉందా? మూత ఎప్పటి నుంచి తీసి ఉంది? పెరుగు చట్నీ కూడా ఇస్తారా, దాన్ని ఎక్కడ పెట్టారు?

ఏడున్నరకు దించిన బిర్యానీ, కింద మంట ఆరిపోయిన బఫే గిన్నెల్లో అప్పటి నుంచి అలాగే ఉందంటే వద్దంటాను. అవతలివాళ్లు నొచ్చుకుంటారు. "మేమందరం తిన్నం మేడమ్, ఎవ్వరికేం కాలేదు" అంటారు. వాళ్లు తిన్నది ఎనిమిదింటికి. మేం వెళ్లి, తెచ్చి, పొట్లాలు కట్టి, నిద్రపోయేవాళ్లను లేపి చేతిలో పెట్టేసరికి ఒంటిగంట దాటుతుంది. ఎనిమిదింటి బిర్యానీ, ఒంటిగంట బిర్యానీ ఒక్కటి కావు. అదే మూత తియ్యని డేక్సాలో ఉండి, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉందంటే, ఆటో మాట్లాడుకుని పరుగెత్తుతాం.

నేను ప్రభుత్వ ఆస్పత్రి వంటశాలలో డైటీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు సికింద్రాబాద్‌లో రైల్వే స్టేషన్ చుట్టుపక్కల, పెద్దాస్పత్రుల గేట్ల దగ్గర, ఫ్లైఓవర్ల కింద ఆదివారాలు భోజనం పెట్టే ఒక చిన్న బృందంలో వంట, పంపిణీ చూసుకుంటున్నాను. ఊళ్లో ఇలాంటి బృందాలు చాలా ఉన్నాయి. పుట్టినరోజుకని, పెద్దల తిథికని, రంజాన్‌కని, గురుపూర్ణిమకని వండి పంచే కుటుంబాలు ఇంకా ఎక్కువ. వాళ్లందరితో ఒక మాట చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను. పెట్టే మనసు మనకు ఉంది. పద్ధతి కూడా నేర్చుకోవాలి. ఆ పద్ధతిలో ముప్పాతిక భాగం టైము చూసుకోవడమే.

ముందు చట్టం సంగతి. "మాది సేవ, వ్యాపారం కాదు, ఆహార భద్రత రూల్స్ హోటళ్లకు కదా" అని చాలామంది అనుకుంటారు. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం అలా అనుకోలేదు. లాభం కోసమైనా కాకపోయినా, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, ఆహారాన్ని తయారు చేసి, నిల్వ చేసి, రవాణా చేసి, పంచే ఏ సంస్థ పనైనా దాని దృష్టిలో ఆహార వ్యాపారమే. 2011లో వచ్చిన లైసెన్సింగ్, రిజిస్ట్రేషన్ నిబంధనలు ఇంకొంచెం విడమర్చాయి. మతపరమైన కార్యక్రమాల్లో, సామాజిక వేడుకల్లో ఆహారం పంచేవాళ్లను బండి మీద అమ్ముకునే చిన్న వ్యాపారుల వర్గంలోనే చేర్చి, వాళ్లకు రిజిస్ట్రేషన్ చాలన్నాయి. అప్పట్లో పెట్టిన రుసుము ఏడాదికి 100 రూపాయలు. పెద్దఎత్తున వండే ట్రస్టులకు లైసెన్సు కావాలి. ఇప్పుడు ఈ పనంతా ఫాస్కాస్ అనే పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే జరుగుతుంది. 14 అంకెల నంబరు వస్తుంది.

మిగిలిన ఆహారం సేకరించి పంచేవాళ్ల కోసం విడిగా నిబంధనలున్నాయి. 2019 జులైలో నోటిఫై అయ్యి, 2020 జులై 1 నుంచి అమల్లోకి వచ్చాయి. మిగులు ఆహారం పంచే సంస్థ రిజిస్టరై ఉండాలని, ఎక్కడి నుంచి ఏం తీసుకున్నామో, ఎక్కడ పంచామో రాసి పెట్టుకోవాలని, పొట్లం మీద పదార్థం పేరు, శాకాహారమా మాంసాహారమా అన్న గుర్తు ఉండాలని అవి చెబుతున్నాయి. దానం చేసేవాళ్లు కూడా బాధ్యులే. పాడైపోయినదాన్ని వదిలించుకునే దారిగా దానాన్ని వాడుకోకూడదు.

శిక్షల గురించి భయపెట్టడం నాకు ఇష్టం లేదు కానీ తెలిసి ఉండటం మంచిది. సురక్షితం కాని ఆహారం వల్ల మనిషి చనిపోతే ఈ చట్టం కింద ఏడేళ్లకు తగ్గకుండా, యావజ్జీవం దాకా జైలు పడొచ్చు. బాధిత కుటుంబానికి పరిహారం 5 లక్షల రూపాయలకు తగ్గకూడదు. చచ్చిపోయినవాడు ఫుట్‌పాత్ మీద పడుకునే మనిషైనా ఆ సెక్షన్లో అక్షరం మారదు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. వండిన పదార్థం 60 డిగ్రీల సెల్సియస్ పైన ఉన్నంతసేపు అందులో సూక్ష్మజీవులు పెరగలేవు. 5 డిగ్రీల కింద ఉంటే పెరుగుదల బాగా మందగిస్తుంది. ఈ రెంటి మధ్య ఉన్నదంతా ప్రమాదమే. మనం పంచే పొట్లాలు గడిపేది దాదాపుగా ఈ మధ్యలోనే. వండిన పదార్థాన్ని బయట రెండు గంటలకు మించి ఉంచొద్దని, ఎండ 32 డిగ్రీలు దాటితే ఆ గడువు ఒక్క గంటేనని అమెరికా వ్యవసాయ శాఖ అక్కడి ప్రజలకు చెబుతుంది. మన దగ్గర మార్చి నుంచి జూన్ దాకా మధ్యాహ్నం పూట ఆ గంట లెక్కే వేసుకోవాలి.

అన్నం గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మనం పంచేది ఎక్కువగా అన్నమే. పచ్చి బియ్యంలో బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు మామూలుగానే ఉంటాయి. అన్నం ఉడికినా ఆ బీజాలు చావవు. అన్నం గోరువెచ్చగా అయ్యాక అవి మొలకెత్తి, పెరిగి, ఒక విషాన్ని వదులుతాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. తిన్న గంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులు పట్టుకుంటాయి. చూడటానికి అన్నం బాగానే ఉంటుంది, వాసన రాదు, జిగురు కట్టదు. "వాసన చూశాం, బాగానే ఉంది" అనే పరీక్ష ఇక్కడ పనికిరాదు. "ఇంకోసారి వేడి చేసి పెట్టేద్దాం" అన్న ఉపాయమూ పనికిరాదు.

పాతిక కిలోల బియ్యం వండిన గుండిగను పొయ్యి మీద నుంచి దించి అలా వదిలేస్తే ఏమవుతుందో ఒకసారి చూడండి. పైన, అంచుల్లో చల్లారిపోతుంది. మధ్యలో మాత్రం గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది. ఆ బీజాలకు కావాల్సింది సరిగ్గా అదే. పప్పుకి, మాంసం కూరకి ఇదే బెడద ఇంకో బ్యాక్టీరియాతో వస్తుంది. క్లాస్ట్రీడియం పెర్ఫ్రింజెన్స్ అంటారు. పెద్ద గిన్నెల్లో నెమ్మదిగా చల్లారే కూరలంటే దానికి మహా ఇష్టం. కడుపునొప్పి, విరేచనాలు ఆ రాత్రో మర్నాడో మొదలవుతాయి కాబట్టి మనం పెట్టిన భోజనం వల్లేనని మనకు తెలియను కూడా తెలియదు. పంచినవాళ్లు ఫొటోలు దిగి ఇంటికెళ్లిపోయి ఉంటారు.

అందుకే మేం ఆదివారం వంటను రెండు విడతలు చేశాం. మొదటి విడత స్టేషన్ వైపు వెళ్లేసరికి రెండోది పొయ్యి మీద ఉంటుంది. పలావో, సాంబారన్నమో, కిచిడీయో దించగానే మరిగే నీళ్లతో కడిగి వేడెక్కించిన ఇన్సులేటెడ్ క్యాన్లలోకి ఎత్తేస్తాం. మూత మీద మార్కర్‌తో టైము రాస్తాం: "11.20కి దించింది". బండి బయల్దేరే ముందు, ఆగిన చోట మూత తీసిన వెంటనే, ముల్లున్న డిజిటల్ థర్మామీటర్ అన్నంలోకి గుచ్చుతాం. క్యాను మధ్యలో 74 చూపించినా అంచు దగ్గర 63 ఉంటుంది. మేం అంచు లెక్కే రాసుకుంటాం. 60కి దిగిందంటే ఆ క్యానే ముందు ఖాళీ చెయ్యాలి. మా వంటాయన మొదట్లో ఈ తతంగానికి విసుక్కునేవాడు. "అమ్మా, అన్నానికి జొరం చూస్తున్నవా?" అనేవాడు. ఇప్పుడు ఆ ముల్లు ఆయన జేబులోనే ఉంటుంది. ఇంకెవరినీ ముట్టుకోనివ్వడు.

పులిహోర మీద చాలామందికి నమ్మకం ఎక్కువ. ఆ నమ్మకంలో నిజం లేకపోలేదు. చింతపండు పులుపు బ్యాక్టీరియాను అణచిపెడుతుంది. పెద్దవాళ్లు ప్రయాణాలకు పులిహోర కట్టింది అందుకే. కానీ పదార్థం పేరు పులిహోర అయితే చాలదు, అందులో పులుపు ఉండాలి. ఈమధ్య వందల మందికని చేసేటప్పుడు పసుపు బాగా కనిపించి పులుపు పేరుకి మాత్రమే ఉంటోంది. కలిపేది చేతులతో. ఆ చేతికి కోసిన గాయం ఉన్నా, జలుబుతో ముక్కు తుడుచుకున్నా, స్టెఫిలోకాకస్ అనే ఇంకో బ్యాక్టీరియా అన్నంలోకి చేరుతుంది. దాని విషమూ వేడికి లొంగనిదే. అన్నాన్ని వెడల్పాటి పళ్లేల్లో పల్చగా పరిచి త్వరగా ఆరనిచ్చి, పొడవాటి గరిటెలతో కలపడం మేలు. గ్లోవ్స్ వేసుకున్నామని ధీమా వద్దు. అదే గ్లోవ్‌తో స్కూటర్ తాళం, ఫోను, పది రూపాయల నోటు పట్టుకుంటే, సబ్బుతో కడిగిన ఉత్తచెయ్యే దానికంటే నయం.

ఇదంతా ఏ వంటశాలకైనా వర్తించేదే. ఇల్లు లేనివాళ్లకు పెట్టేటప్పుడు ఇంకా గట్టిగా ఎందుకు పాటించాలో తెలియాలంటే వాళ్లు ఎలా తింటారో చూడాలి.

స్టేషన్ దగ్గర ఒక పెద్దాయన ఉండేవాడు. పొట్లం అందుకున్న వెంటనే తినడు. పక్కన పెట్టి, చెయ్యి చాస్తాడు. "అమ్మా, ఇంకోటి ఇయ్యరాదు, రాత్రికి ఉంచుకుంట" అంటాడు. ఇచ్చిన రెండో పొట్లాన్ని తువ్వాల్లో ముడేసి, ఎండకు కాలిపోతున్న గోడకు ఆనించిన సంచిలో పెట్టుకుంటాడు. ఆయనను తప్పు పట్టేదేముంది? రాత్రికి ఎవరైనా వస్తారో రారో ఆయనకు తెలియదు. మనం పన్నెండున్నరకు మంచి భోజనమే ఇచ్చాం. అది ఆయన నోట్లోకి వెళ్లేది రాత్రి ఎనిమిదింటికి. మనం రాసుకున్న టైము మన క్యాన్ మూత మీదే ఆగిపోయింది. అది ఆయన సంచిదాకా వెళ్లలేదు.

దీనికి "ఇక్కడే తినాలి, దాచుకోకూడదు" అని కసరడం పరిష్కారం కాదు. కొందరు స్వచ్ఛంద కార్యకర్తలు అలా గదమాయించడం చూశాను, అది చాలా తప్పు. ఆకలి రేపు కూడా వస్తుందని ఆయనకు మనకంటే బాగా తెలుసు. మేం చేసేది ఏమిటంటే, వేడి భోజనం అక్కడికక్కడ కావల్సినంత వడ్డిస్తాం. రాత్రికని అడిగినవాళ్లకు పాడుకానివి విడిగా ఇస్తాం: అరటిపళ్లు, పుట్నాలు, పేలాలు, బెల్లం, పల్లీ పట్టీ, బిస్కెట్ ప్యాకెట్. పళ్లు లేనివాళ్లకు పుట్నాల పొడి. ఇలా మొదలుపెట్టాక రెండో పొట్లం అడిగేవాళ్లు బాగా తగ్గారు.

మనింట్లో ఎవరికైనా విరేచనాలు పట్టుకుంటే బాత్రూం ఉంటుంది, ఓఆర్ఎస్ కలిపిచ్చే మనిషి ఉంటారు, మంచం ఉంటుంది. ఫుట్‌పాత్ మీద మనిషికి అర్ధరాత్రి ఇవేవీ ఉండవు. డబ్బులిచ్చి వాడుకునే మరుగుదొడ్డి ఆ వేళకు మూసి ఉంటుంది. నీళ్లు దొరకవు. బట్టలు పాడైతే మార్చుకోవడానికి ఇంకో జత ఉండదు. వాళ్లలో షుగరున్నవాళ్లు, క్షయకు మందులు వాడుతున్నవాళ్లు, తాగుడుతో కాలేయం పాడైనవాళ్లు, ముసలివాళ్లు, పాలిచ్చే తల్లులు ఉంటారు. ఆరోగ్యంగా ఉన్నవాడికి రెండు వాంతులతో పోయేది, వీళ్లను ఆస్పత్రి గేటు లోపలికి చేరుస్తుంది, లేదా చేర్చకుండానే చంపుతుంది. అందువల్ల ఇల్లున్నవాడికి పనికొచ్చే ప్రమాణం ఇల్లులేనివాడికి సరిపోదు. ఆయనకు పెట్టేది ఇంకా శుభ్రంగా, ఇంకా తాజాగా ఉండాలి. "ఏదో ఒకటి, ఆకలి తీరుతుంది కదా" అనే మాట వింటే నాకు నిజంగా కోపం వస్తుంది.

దానంగా వచ్చే సరుకుల దగ్గరా ఇదే జాగ్రత్త కావాలి. 2013 జులైలో బీహార్‌లో సారణ్ జిల్లా గండామన్ ఊరి బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు వంటనూనెలో కలిసింది. పురుగుమందు ఉంచిన డబ్బాలో ఆ నూనె పోశారు. వంట మనిషి, నూనె తేడాగా ఉందని చెప్పినా ఎవరూ పట్టించుకోలేదని అప్పట్లో వార్తలొచ్చాయి. మధ్యాహ్న భోజనం వడ్డించే ముందు పెద్దవాళ్లు రుచి చూడాలన్న నియమం బడులకు ఉంది. మా బృందానికీ అదే నియమం పెట్టుకున్నాం. క్యాను కదిలే ముందు ఇద్దరు తినాలి, వంటాయన తేడాగా ఉందంటే ఆ రోజుకు అది ఆగిపోవాలి. మన రాష్ట్రాలకూ ఈ బాధ కొత్త కాదు. 2024 ఆగస్టులో అనకాపల్లి జిల్లా కైలాసపట్నంలో ఒక వసతిగృహంలో పిల్లలు సమోసాలు తిన్నాక జబ్బుపడ్డారు, వాళ్లలో ప్రాణాలు పోయినవాళ్లూ ఉన్నారు.

మిఠాయి దుకాణాల వాళ్లు, "డబ్బా నూనె మీ సేవకు ఇస్తాం" అంటే కొత్త డబ్బానా కాదా అని అడగండి. మరిగి మరిగి నల్లబడ్డ నూనె దానానికి పనికిరాదు. వాడిన నూనెలో పోలార్ కాంపౌండ్లు 25 శాతం దాటితే దానితో వండకూడదని 2018 జులై నుంచి నిబంధన ఉంది. వేడి వేడి ఇడ్లీ, బజ్జీ పాత పేపర్లో చుట్టి ఇవ్వడం కూడా మానాలి. 2018 ప్యాకేజింగ్ నిబంధనలు న్యూస్‌పేపర్‌లో ఆహారం చుట్టడాన్ని నిషేధించాయి. అచ్చు సిరా మనం తినేది కాదు. మరిగే సాంబారును పల్చటి ప్లాస్టిక్ కవర్లో పోసి రబ్బరుబ్యాండు వేసే అలవాటూ అంతే. విస్తరాకు, అడ్డాకు దొన్నె మనకు కొత్త కాదు, బజారులో దొరుకుతూనే ఉన్నాయి.

రూల్స్ అనగానే ఇంకో భయం కూడా న్యాయమైనదే. వీటిని అడ్డం పెట్టుకుని పేదవాళ్లను తరిమేస్తారేమో అని. అలా జరిగిన చోట్లున్నాయి. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం ఫోర్ట్ లాడర్‌డేల్ నగరంలో 2014లో బహిరంగ ప్రదేశాల్లో ఇల్లులేనివాళ్లకు భోజనం పెట్టడం మీద ఆంక్షలు పెట్టారు. అర్నాల్డ్ అబాట్ అనే 90 ఏళ్ల వృద్ధుడు భోజనం పెడుతుంటే పోలీసులు వచ్చి ఆపారు. ఆ ఊళ్లోనే వేరే బృందం వేసిన కేసులో 2018లో అప్పీళ్ల కోర్టు, అలా కలిసి భోజనం పంచుకోవడం కూడా భావప్రకటనే అని తీర్పు చెప్పింది. ఆహార భద్రత పేరుతో భోజనాన్నే ఆపేస్తే ఆకలితో మిగిలేది ఎవరు? అధికారులు చేయాల్సింది అడ్డుకోవడం కాదు, నేర్పడం. చేతులు కడుక్కునే నీళ్లు, నీడ ఉండే చోటు, చెత్త ఎత్తే బండి ఏర్పాటు చేసి, "ఇక్కడ పెట్టండి" అని చూపిస్తే సగం సమస్యలు అక్కడే తీరతాయి.

డొక్కా సీతమ్మగారి పేరు మన రాష్ట్రాల్లో అన్నదానానికి మారుపేరు. కోనసీమలో లంకల గన్నవరంలో ఆవిడ, 1909లో కన్నుమూసేదాకా, వచ్చినవాళ్లకు ఇంట్లోనే వండి వడ్డించింది. పొయ్యికీ విస్తరికీ మధ్య దూరం ఒక వసారా. పంక్తి లేచేసరికి అన్నం అయిపోయేది. ఇప్పుడు మనం మియాపూర్‌లో వండి సికింద్రాబాద్‌లో పెడుతున్నాం. ఆ దూరమే కొత్తగా వచ్చింది, రూల్స్ అన్నీ ఆ దూరం కోసమే. పెద్ద వంటశాలలు దాన్ని పట్టించుకుని పనిచేయగలవని హైదరాబాద్‌లో 2014లో నాంపల్లి నుంచి మొదలైన ఐదు రూపాయల భోజన కేంద్రాలు, ఆంధ్రాలో అన్న క్యాంటీన్లు చూపించాయి. ఒకచోట వండి, వేడి పోని పాత్రల్లో పంపి, వచ్చినవాళ్లకు అక్కడికక్కడే వడ్డిస్తారు. మనకు అంత వంటశాల అక్కర్లేదు, ఆ క్రమం అలవడితే చాలు.

వంట చేసేవాళ్లకు ఏడాదికోసారి వైద్య పరీక్ష చేయించండి, టైఫాయిడ్ టీకా వేయించండి. విరేచనాలో, కామెర్లో, చేతి మీద పుండో ఉన్న మనిషిని ఆ రోజు వంట దగ్గరికి రానివ్వకండి, వేరే పని అప్పగించండి. ఫాస్టాక్ పేరుతో ఆహార భద్రతా సంస్థ ఇచ్చే శిక్షణ ఉంది, పాతిక మంది పనివాళ్లకు కనీసం ఒక్కరైనా అది పొంది ఉండాలంటారు. మీ గుడి కమిటీలో, కాలనీ సంఘంలో, కాలేజీ ఎన్ఎస్ఎస్‌లో ఒక్కరిని పంపండి.

మీ ఇంట్లో పెళ్లి ఉంటే, మిగులుతుందనిపించిన క్షణానే, అంటే చివరి పంక్తి కూర్చోకముందే ఫోన్ చెయ్యండి. వడ్డనకు తీయని డేక్సా ఒకటి మూత వేసి పక్కన పెట్టించండి. బఫేలో తెరిచి ఉన్నది మాకు ఇవ్వకండి. ముహూర్తం రాత్రిదైతే మధ్యాహ్నమే ఒక మాట చెప్పండి, మా బండి హాలు బయట నిలబెడతాం. ఇక పండగలకు స్వయంగా వండి పంచేవాళ్లకు నా మనవి ఒక్కటే. ఈసారి బియ్యం, పప్పు కొనేటప్పుడు కొన్ని వందల రూపాయల్లో వచ్చే ముల్లు థర్మామీటర్ ఒకటి, ఒక మార్కర్ పెన్ను కూడా కొనండి. దించిన టైము గిన్నె మీద రాయండి. గడువు దాటిన అన్నాన్ని ఎంత బాధ అనిపించినా మనిషికి పెట్టకండి.